నవ్వు ఆగేదాకా ఆగినవాడు

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆర్మూరు మార్కెట్ యార్డులో పసుపు కుప్పల మధ్య ఉన్నాను. పక్కనున్న హమాలీకి చెబితే, "మామనా? మజాక్ చేస్తుండు పో!" అని నవ్వాడు. నా ముఖం చూశాక తలకు చుట్టిన తువ్వాలు తీశాడు. జీవితమంతా నవ్వించినవాడి చావును కూడా జనం వెంటనే నమ్మరు, చూశారా!

మామకు పసుపు ఉడకబెట్టే కడాయిలుండేవి. సీజన్లో కల్లాలు తిరిగేవాడు, మిగతా కాలమంతా సినిమాలే. యార్డు బయట చాయ్ హోటల్లో నాతో వాదన పెట్టుకునేవాడు.

"రీమేకంటే పక్కింటి కూర తెచ్చి మన గిన్నెల పోసుడు గాదు అల్లుడా. మన పొయ్యి మీద మళ్ల ఉడకాలె. నీ ప్రవచనాలు గూడ గంతే, ఎవలియో తెచ్చి మా నెత్తిన పోస్తవ్."

ఊళ్ళో ప్రవచనాలు చెప్పుకునే నేను బడి ముఖం చూసినవాణ్ణి కాను. గ్రంథమే నా గురువు, అది చంకలో లేకుండా గడప దాటను. ఆ మాటకు ఒళ్ళు మండేది. కామెడీ నటులు ఏడుపు పాత్రలు వేయడం మీద విరుచుకుపడేవాణ్ణి.

"జోకర్ నెత్తిన కిరీటం పెడితె రాజైతడా మామా?"

ఆయన సాసర్లో చాయ్ ఊదుకుంటూ అనేవాడు: "అయితడు. గని జనం ముందుగాల నవ్వుతరు. గా నవ్వు ఆగేదాంక వాడు ఆగాలె. ఆగలేనోడు జోకర్ లెక్కనే మిగుల్తడు."

కిందటేడు మా ఊరి కమిటీ ఒక కుటుంబాన్ని వెలివేసింది. పొలం బాట తగాదాను తమకు చెప్పకుండా ఠాణాకు పట్టుకెళ్ళారని కోపం. వాళ్ళతో మాట్లాడితే జరిమానా, వాళ్ళ పనికి పోతే జరిమానా. తవ్విన పసుపు కల్లంలో కుప్పగా పడి ఉంది. ఉడకబెట్టకపోతే కుళ్ళిపోతుంది. ఏడాదంతా ఆ ఇంటి తిండి అదే!

కమిటీ సభలో నేను గ్రంథం ఎత్తిపట్టి గర్జించాను. "తోటి మనిషికి నిప్పు నీళ్లు బంద్ పెట్టే ఊరి దిక్కు దేవుడు చూస్తడా?" జనం ఆవలించారు. రోజూ ఉరిమే మబ్బుకు గొడుగు ఎవరు తీస్తారు?

అప్పుడు మామ లేచాడు. నోరు తెరవకముందే సభంతా గొల్లుమంది. "జెప్పు మామా, ఏం సిన్మా?" అని ఎవరో అరిచారు. మామ నిలబడే ఉన్నాడు. నవ్వు పలచబడింది. ఒక మూల నుంచి మళ్ళీ లేచింది, అణిగింది. చివరికి దగ్గు కూడా వినిపించలేదు.

"రేపు పొద్దుగాల నా కడాయిలు వాళ్ల కల్లంల పెడ్త. నన్ను గూడ వెలెయ్యుండ్రి."

కూర్చున్నాడు.

"మజాకా, నిజమా?" అన్నాడు కమిటీ పెద్ద. మామ లేచి, కడాయిలు తోమడానికి ఇంటిదారి పట్టాడు. మాట్లాడే ముందు కాస్త ఆగడం నేను ఆ రోజే నేర్చుకున్నాను. అది ఆయన పెట్టిన భిక్ష.

తెల్లవారి పొయ్యిలు అంటించాం. మామ, నేను, ఆ ఇంటివాళ్ళు, అంతే. ఉడికిన పసుపు దించడానికి ఆ చేతులు చాలవు. ఊరంతా గోడల మీదుగా చూస్తోంది, ఒక్కరూ ఇటు అడుగు వేయలేదు. మామ పొద్దుటి నుంచి ఒక్క జోకూ వేయలేదు. నీళ్ళు మరిగి ఆవిరి లేచి, పక్కనున్నవాడి ముఖం కూడా కనబడనంతగా కల్లాన్ని కమ్మేసింది.

మామ గంప ఎత్తబోయాడు. అది లేవలేదు. ఇంతలో ఆవిరిలోంచి రెండు చేతులు వచ్చి గంప అవతలి అంచు పట్టుకున్నాయి. రెండో కడాయి దగ్గర మరో రెండు. ఎవరా అని నేను తొంగిచూడబోతే మామ మోచేత్తో ఆపాడు. వంగి, పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాడు. ఆవిరి ఇంకా దట్టంగా లేచింది.