దింపుడు కళ్లం కాడ లాజరు

మేం చదువుకున్న కాలం వేరు అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతరు. నవ్వనీ. మొన్న నా బిడ్డ కొడుకు పట్నం నుంచి వచ్చి, వాళ్ల బైబిలు కాలేజీల కొత్త ఊళ్లల్ల సంఘం పెట్టుడు ఒక కోర్సట, నాటకకళ ఇంకో కోర్సట, రెండూ కలిపి చదివితే డిగ్రీ అట అని గొప్పగ చెప్పిండు. నాకు ఒళ్లు మండింది. సిద్దిపేటల సర్కారు కాయితాలన్నీ ఉర్దూల నడిచే ఆ రోజుల్లో, ఈ రెండు చదువులూ మేం ఒకే పెంకల కొట్టంల, ఒకే పంతులు దగ్గర, ఒకే చాప మీద నేర్చుకున్నం. (ఆ చాప గూడ ఇంటికాడి నుంచి తెచ్చుకున్నదే.) అసలు నేను బడి మొహం చూసినోణ్ణే కాదు. బెల్లం కట్టిచ్చిన కాయితపు ముక్కల మీద అక్షరాలు పట్టుకున్నోణ్ణి. దొరల గడిల వెట్టి చేసే మా నాయిన, గడి మనిషి కాళ్లు పట్టుకొని, "పిల్లగాడు ఉపదేశి అయితడు, గీ ఎండకాలం దాక ఇడువుండ్రి" అని నన్ను అక్కడ చేర్పించిండు. ఉపదేశి అంటే ఊరికి పోయి ప్రార్థన చెప్పే పంతులు. ఉపదేశిని కాకపోతే వానలకు ముందే నేను గడికి పోవాలె, నాయిన పక్కన మూటలు మొయ్యాలె. మాట అదీ.

పొద్దున పంతులు ఊళ్లె అడుగు పెట్టుడు నేర్పేది. ముందుగాల ముసలోళ్ల దగ్గర కూసోవాలె, మంచినీళ్లు అడిగి తాగాలె, జాగ మాత్రం నోరు తెరిచి అడగొద్దు, వాళ్లే ఇయ్యాలె. మాపటికి నాటకం నేర్పేది. చచ్చి సమాధిల ఉన్న లాజరును ప్రభువు పేరు పెట్టి పిలిస్తే లేచొచ్చిన కథ. మాలో పొడుగాయన ఒకడుండె, జనుపనార గడ్డం పెట్టి వాణ్ణి ప్రభువును చేసిండు. లాజరు నేను. కదలకుండ పండుకునుడు నాకు బాగ వస్తదని పంతులు ఎంచిండు. అప్పుడు నేను బాగ ఒళ్లున్నోణ్ణి. తోటోళ్లు నన్ను బస్తా అంటుండె. "బస్తా, చచ్చినోడు గురక పెడతడారా" అని పంతులు నా చెవి మెలిపెట్టేది.

పరీక్ష కోహెడ దిక్కు ఒక పల్లెల పెట్టిండు. నాటకం చూసి ఊరోళ్లు గుడిసె వేసుకోను జాగ ఇస్తే నేను అక్కడ ఉపదేశిని. ఇయ్యకపోతే గడికే. పంతులుకు ఇంకో సోకు పుట్టింది. ఉత్త చాప మీద శవం ఏం బాగుంటది, నిజం పాడె కట్టిస్తనన్నడు. ఊళ్లె పాడె కట్టేది డప్పు తాత. ఎవ్వరితోని ఎక్కువ మాట్లాడని మనిషి. ఆయన వెదురు బొంగుల దిక్కు చూసి, నా దిక్కు చూసి, "కట్టిన పాడె ఉత్తగ ఇంటికి రాదు పంతులూ" అన్నడు. పంతులు నవ్విండు. నాకు మాత్రం నవ్వు రాలె.

పొద్దు గూకుతుండంగ నన్ను తెల్లగుడ్డల చుట్టి, పాడెకు బిగించి కట్టి, లేపిన్రు. మోసేటోళ్లు నా బరువుకు సణుగుతుంటే మొదట్ల నాకు లోపల నవ్వే. కొంచెం దూరం పోయినంక సణుగుడు ఆగింది. డప్పు ఒక్కటే మోగుతుంది. ఆ దెబ్బ నాటకంది కాదు, నిజం చావుది. ఆ ఊరి డప్పోళ్లకు ఇంకో దెబ్బ రాదు మరి. ఎనక ఎవరో ఆడమనిషి సన్నగ ఏడుస్తుంది. ఎవరి కోసమో తెల్వదు.

ఊరి పొలిమేర కాడ పాడె దించిన్రు. ఇది నాటకంల లేదు. మేం సమాధి అని చూసుకున్న గుట్ట ఇంకా ముందర ఉంది, పొడుగాయన అక్కడ గడ్డం సవరించుకుంటుండు. కాని వాళ్ల లెక్క వాళ్లది. శవాన్ని మోస్తే దింపుడు కళ్లం కాడ దించాలె, చెవుల పేరు పెట్టి మూడుమార్లు పిలవాలె. ఊపిరేమన్న మిగిలుంటే పలుకుతడని ఆశ. పంతులు ఉరికొచ్చి, "గిది వద్దు, గిది వద్దు" అంటనే ఉన్నడు, ఎవ్వరు ఇనలె.

డప్పు ఆగింది. తాత ఒంగి నా ఎడమ చెవుల నోరు పెట్టిండు. పొగాకు వాసన. లాజరూ అంటడనుకున్న.

"బక్కోడా" అన్నడు.

నేను కదల్లె. నన్ను పుట్టినకాడ నుంచి ఎవ్వరు బక్కోడా అనలేదు, అననీకి నా ఒళ్లే సాక్ష్యం. మల్ల పిలిచిండు. మూడోసారి ఆయన గొంతు లేదు, ఉత్త గాలే.

"ఓ, బాపూ" అని పలికింది నా నోరు.

తర్వాత ఏమైందో చెప్పేతందుకు సిగ్గయితది. మోసేటోళ్లు ఉరికిన్రు, పంతులు ఉరికిండు, అందరి కన్న ముందు చీరె కుచ్చిళ్లు మోకాళ్ల దాక ఎత్తుకొని (ప్రభువు అంగీ అని చుట్టింది పంతులమ్మ తెల్లచీరెనే) ప్రభువు ఉరికిండు. ఊరి పొలిమేరల కట్లతోని నేను, నా పక్కన తాత, ఇద్దరమే మిగిలినం.

ఆయన భయపడలె. తొందర లేకుండ ఒక్కొక్క కట్టు ఇప్పిండు. ఇప్పుకుంట చెప్పిండు, తన కొడుకును గడోళ్లు మూటలు మొయ్యను హుస్నాబాద్ దాక తోలుకపోయిన్రట, తొవ్వల్నే పాణం పోతే అక్కడ్నే పూడ్చిన్రట. చెవుల పిలిచినోడు లేడు. బక్కపానం పిల్లగాడు.

"ఆడ చలి పెడుతదా బిడ్డా?" అని అడిగిండు.

నాటకం అని చెప్పాలె. నోరు రాలె. "లేదు బాపూ, పెట్టది" అన్న.

పాడె ఉత్తగ పోవద్దు గదా. ఆయన తన భుజం మీది గొంగడి తీసి, మనిషిని పండబెట్టినట్టు దాని మీద పరిచిండు. ముందల ఆయన, ఎనక నేను, ఇద్దరం కాటి దాక మోసినం. ఉత్త గొంగడే. ఆ బరువు మాత్రం, నేను తర్వాత మోసిన ఏ శవానికీ లేదు.

తెల్లారి తాత తన ఇంటి పక్క జాగ చూపించిండు, కొడుకు పెండ్లయితే ఇల్లు కట్టుకుంటడని ఆపిన జాగ. నేను గడికి పోలె. పంతులు మాత్రం పొడుగాయనను పట్టుకొని, "ప్రభువే ఉరికితే లాజరు గతేందిరా" అని ఆ ఎండకాలమంతా తిట్టిండు.

ఇంత కథ చెప్పినంక నా మనవడు, అది భయం పనే తాతా, మనసు అట్ల చేస్తదని మా సార్లు చెప్పిన్రు అన్నడు. సార్లకేం, చెప్తరు. మా ఇంట్ల తండ్రిని నాయిన అంటం. ఆ పూటకు ముందు బాపూ అన్న మాట నా నోట్లకు రానే లేదు, గిది ఏ కోర్సుల ఉందో కనుక్కోమన్న. వాడు ఫోను పక్కన పెట్టిండు.

మా సంఘంల దింపుడు కళ్లం లేదు, పెద్ద ఉపదేశిని నేనే వద్దన్న. అయినా వాడికి చాటుగ చెప్పి పెట్టిన, నన్ను మాత్రం ఒక్కతాన దించుమని. ఏ పేరు పెట్టి పిలవాలె తాతా అన్నడు. ఇప్పుడు నా ఒంట్ల ఎముకలే మిగిలినయి, బస్తా అంటే నాకే నవ్వొస్తది.

"బక్కోడా అని చూడు" అన్న. "ఎడమ చెవుల."