వంతు లేని బిందె

నాకు వంతు తప్పేవాళ్ళంటే ఒళ్ళు మంట. పెదకాకాని గుళ్ళో దర్శనం లైను మధ్యలో దూరిన ఒక పెద్దమనిషితో చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళి, దేవుణ్ణి చూడకుండానే ఇంటికొచ్చినవాణ్ణి. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ బుద్ధే నేను రాసే ప్రోగ్రాముల్లోకీ దిగింది. అది ఒక మనిషి ప్రాణం దాకా వస్తుందని అనుకోలేదు.

పొదిలి దగ్గర మా ఊరికి నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి. పొద్దున్నే బిందెలు లైనులో పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఎవరైనా తమ బిందెను ఒక్క అడుగు ముందుకు జరిపారా, వాళ్ళ ఏడు తరాలూ వీధిలోకి వచ్చేవి. ముందొచ్చినవాడిదే ముందు అని నేను నేర్చుకున్నది అక్కడే.

ఇప్పుడు గుంటూరులో నాది డేటాబేసుల పని. మా పక్క ఒక ఊళ్ళో ప్రైవేటు ఆసుపత్రికి మందుల కౌంటరు ప్రోగ్రాము రాసిచ్చాను. ఒక మందు నిల్వను ఒకరు మారుస్తుండగా ఇంకొకరు ముట్టుకుంటే లెక్క చెడుతుంది. అందుకని కంప్యూటరు దానికి తాళం వేసి, మిగతావాళ్ళను వచ్చిన వరుసలో నిలబెడుతుంది. ఆగినవాళ్ళకు తెర మీద చక్రం తిరుగుతూ, కింద 'దయచేసి వేచి ఉండండి' అని కనిపిస్తుంది. ఆ మాట నేను రాసిందే. కలెక్టరు చీటీ అయినా కూలివాడి చీటీ అయినా నా దగ్గర ఒకటే వరుస అని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఒక మధ్యాహ్నం ప్రోగ్రాము నెమ్మదించిందంటే చూడ్డానికి వెళ్ళాను. మూడు నెలలకోసారి జరిగే నిల్వ తనిఖీ నడుస్తోంది. మొత్తం మందులన్నిటి తాళం అదే పట్టుకుని కూర్చుంది. దాని వెనక నాలుగు చీటీలు ఆగి ఉన్నాయి. అయిదోది ఒక ఆడమనిషిది. పత్తికి మందు కొడుతూ ఆవిడ భర్త చేలోనే పడిపోయాడు. వార్డులో ఉన్న విరుగుడు ఇంజెక్షన్లు అయిపోతే, ఇంకా కావాలని డాక్టరు రాసిచ్చిన చీటీ అది. రసీదు రాకుండా మందు చేతికిస్తే కౌంటరులో కుర్చీ ఉండదని అక్కడ కూర్చున్నతని భయం.

"ఏందయ్యా, ఇంకా రాలా?" అని అతన్ని అడిగింది. అతను నా వైపు చూశాడు. నేనే పెద్దననుకుని నా దగ్గరకొచ్చింది. ఆవిడ చీరకు పురుగుమందు వాసన.

"మా వంతు ఎప్పుడొస్తదయ్యా?"

"లైన్లో ఉందమ్మా, వచ్చేస్తుంది" అన్నాను.

ఒక్క ఆదేశం కొడితే ఆ తనిఖీ ఆగిపోయేది. ల్యాప్‌టాప్ నా ముందే తెరిచి ఉంది. ఆపితే అప్పటిదాకా చేసిందంతా పోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. ముప్పాతిక పైనే అయిపోయింది కదా, ఇంకాసేపేలే అనుకున్నాను. అసలు సంగతి అదీ కాదు. ముందొచ్చినదాన్ని పట్టి బయటికి లాగడం నాకు మనసొప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పదకొండు నిమిషాలు. ఆవిడ కౌంటరు చెక్క మీద వేళ్ళు ఆనించి ఆ చక్రాన్నే చూస్తూ నిలబడింది. చదువు రాదనుకుంటాను. "ఏం రాసుందమ్మా ఆడ?" అని పక్కనున్నామెను అడిగింది. ఆమె చదివి చెప్పింది. రసీదు రాగానే ఆవిడ మందు తీసుకుని పరుగెత్తింది. సాయంత్రానికి ఆయన పోయాడు.

"అసలే ఆలస్యంగా తెచ్చారండీ, ఆ కాసేపటితో ఏం మారేది కాదులెండి" అన్నాడు డాక్టరు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఆవిడైనా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారమే ప్రోగ్రాము మార్చాను. ఇప్పుడు ప్రాణం మీదికొచ్చిన చీటీ వరుస దాటి ముందుకొస్తుంది. తనిఖీ లాంటివి తాళం వదిలి పక్కకు తప్పుకుంటాయి. నా గదిలో కూర్చుని ఆవిడ చీటీతోనే పరీక్షించాను. తనిఖీని ముందు పెట్టి, నాలుగు చీటీలను పెట్టి, అయిదోదిగా దాన్ని పెట్టాను. రెప్పపాటులో రసీదు వచ్చింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ వచ్చింది. ఎన్నిసార్లు పెట్టానో తెలియదు. ఇప్పటికీ ఫోనులో గ్యాసు బుక్ చేస్తుంటే చక్రం తిరిగినా, "ఏం రాసుందమ్మా ఆడ?" అని నా వెనక నుంచి వినిపిస్తుంది. ఫోను బోర్లించేస్తాను.

మొన్న భోజనాల దగ్గర అమ్మకు చెప్పాను. కలుపుతున్న చెయ్యి ఆపి విన్నది.

"అదేందిరా, పురిటికీ శవానికీ వంతు లేదు గదా. నీకు తెలవదా?"

తెలుసు. అలాంటి ఇంటి బిందె వస్తోందంటే, ఎవరూ చెప్పకుండానే అందరూ తమ బిందెలను కాళ్ళతో వెనక్కి జరుపుకునేవాళ్ళు. అంత నోరున్న వీధి కిక్కురుమనేది కాదు. మా బిందెను నేనే ఎన్నోసార్లు జరిపాను. వంతు మాత్రం గుర్తుపెట్టుకుని, అది మరిచిపోయాను.

అమ్మ మళ్ళీ అన్నం కలుపుకుంటూ అంది.

"నువ్వు పుట్టిన రోజు మన బిందె అందరికంటే ఆఖర్న ఉంది రా. ముందు దాన్నే నింపారు."

లేచి వెళ్ళి చెయ్యి కడుక్కోవడానికి కుళాయి తిప్పాను. నీళ్ళు వెంటనే వచ్చాయి.