పెద్దరాణి కోసం చిన్నమ్మ మొక్కు

మొన్న బంగారుపాళ్యంలో బస్సు కోసం టీ అంగట్లో కూర్చోనుంటే, గోడమీది టీవీలో పెద్దరాణి కనబడింది. మూడేండ్ల కిందట సీరియల్లో నా కండ్ల ముందరే విషం తాగి చచ్చిన మనిషి, ఒంటినిండా నగలేసుకోని దాసీల మీద కేకలేస్తా ఉండాది. ఆ సీరియల్ మళ్ళీ మొదట్నుంచి వేస్తా ఉండారంట. ఈ టీవీవోళ్ళకు సిగ్గూ ఎగ్గూ ఉండదు, చంపినదాన్ని మళ్ళీ లేపుకోనొస్తారు. బస్సు దిగి నేరుగా చిన్నమ్మ ఇంటికి పోయి రిమోటు దాచిపెట్టినాను. ఆమె అది ఇంకోసారి చూస్తే తట్టుకోలేదు. నేనూ తట్టుకోలేను.

చిన్నమ్మంటే మా అమ్మకు చెల్లెలు. పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. నడిమిది కాబట్టి మా అమ్మ తప్పించుకునింది గానీ, మొదటామెనూ కడపటామెనూ చంద్రగిరిలో ఒకే ఆయనకిచ్చినారు. పెద్దమ్మకు పిల్లలు కాలేదు. పరాయిదాన్ని తెచ్చేదానికంటే సొంత చెల్లెలైతే మేలని పెద్దోళ్ళు తీర్మానం చేసినారు. చిన్నమ్మకు అప్పుడు పద్దెనిమిదేండ్లు. నీకిష్టమేనా అని ఆమెను అడిగినోళ్ళు లేరు. కడాకు ఆమెకూ పిల్లలు కాలేదు. లోపం ఎవురిదో ఊరంతటికీ తెలిసిపాయె, ఒక్కరూ నోరెత్తలేదు. తాళి కట్టిన రోజు పెద్దమ్మ చెల్లెలికి ఒకే మాట చెప్పిందంట: "ఇంక నన్ను అక్కా అని పిలవద్దు." అంతే. ఆ తర్వాత తిట్టింది లేదు, కొట్టింది లేదు. ఆదివారమైతే తలకు నూనె పెట్టేది, జ్వరమొస్తే మిరియాల రసం కాచిపోసేది. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. చిన్నమ్మ నలభై ఏండ్లు ఏ పిలుపూ లేకుండా కాపురం చేసింది. "ఇదో, అన్నం పెట్టేదా?" అనేది. పెద్దమ్మ పెరట్లో ఉంటే చెంబు మీద గరిటెతో తట్టేది. చిన్నప్పుడు ఆ ఇంట్లోనే ఉండి బడికి పోయిన నేను, ఆడోళ్ళు ఒకరినొకరు పిలుచుకునేది చెంబుతోనే అనుకున్నాను.

ఇంక సీరియల్ సంగతి. అది వేరే భాషది, తెలుగులో మాటలు పెట్టి ఏడు గంటలకు వేసేవాళ్ళు. ఇద్దరు రాణులు, ఒక చేతకాని రాజు. మా ఇంటి లెక్క కూడా అదే కాబట్టి, పాట మొదలుకాగానే పెద్దనాయన కండువా దులుపుకోని వీధిలోకి పోయేవాడు. వీధిలో ఆడోళ్ళంతా లోపలికొచ్చేవాళ్ళు. ఇదంతా మన కోటలోనే జరిగింది, చిన్నరాణి గది రాజమహల్లో పైన ఎడమ పక్కన ఉండాది అని ఎదురింటామె ఒట్టు పెట్టేది. అందరూ పెద్దమ్మ మెప్పు కోసం చిన్నరాణిని దుమ్మెత్తిపోసేవాళ్ళు. పెద్దమ్మ మాత్రం ఒక్కమాట అనేది కాదు. "అది మాత్రం ఏం జేస్తాది, తెచ్చిపెట్టినోళ్ళను అనండి" అని చిక్కుడుకాయలు తుంచుకుంటా ఉండేది. తిట్టేదంతా చిన్నమ్మే. "నీ నోట్లో మన్నుబొయ్య, అంత మంచిదాన్ని ఏడిపిస్తావా" అని టీవీకి వేలు చూపించేది. నేను ఇంకోటి కూడా కనిపెట్టినాను. ఆ చిన్నరాణి ఎంత దుర్మార్గురాలైనా మాటకు ముందొక అక్కా, మాటకు వెనకొక అక్కా అనేది. అది వినబడినప్పుడల్లా చిన్నమ్మ పెదాలు కదిలేవి.

ఒక శుక్రవారం చిన్నరాణి పాలల్లో విషం కలిపి పంపించింది. పంపించినాక మనసు మారి, అక్కా అక్కా అని పరిగెత్తుకోనొస్తా ఉంటే సరిగ్గా ఆడ ఆపేసినారు పాపిష్టోళ్ళు. మిగతాది సోమవారమే. పెద్దరాణి ఆ పాలు తాగకుండా ఉంటే, అలిపిరి నుంచి కొండ దాకా మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెడతానని చిన్నమ్మ మొక్కుకునింది. నేను పోయి మొత్తుకున్నాను. "ఆ కథ అసలు భాషలో ఎప్పుడో అయిపోయింది చిన్నమ్మా, వాళ్ళంతా ఇండ్లకు పోయినారు" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "అయితే నీకు తెలుసు గదా పాపా, చెప్పు, తాగుతాదా?" అని అడిగింది. తాగుతుంది. ఫోన్లో ముందే చూసేసినాను. ఆ ముఖం చూసి చెప్పలేక, తెలీదని అబద్ధమాడినాను. ఎప్పుడో జరిగిపోయినదాన్ని ఏ మొక్కు ఆపుతుంది?

సోమవారం ఇల్లు నిండిపోయింది. రాణి గిన్నె పైకెత్తింది. చిన్నమ్మ లేచి నిలబడి, వీధి చివరిదాకా వినబడేటట్టు, "తాగొద్దక్కా! తాగొద్దు!" అని అరిచింది. రాణి తాగేసింది. తర్వాత సబ్బు ప్రకటన వచ్చింది. పెద్దమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున ఆమె తలెత్తకుండానే అడిగింది: "నిన్న ఎవుర్నో అక్కా అంటివే, ఎవుర్ని?" నేను గడప దగ్గరే ఉన్నాను. నిన్నేనని చెప్పవే తల్లీ, నోరు తెరవవే అని నా ప్రాణం కొట్టుకునింది. చిన్నమ్మ బెదిరిపోయి, "టీవీలో రాణిని" అనింది. "అట్లనా" అనింది పెద్దమ్మ. లేచి చాట తీసుకోని లోపలికి పోయింది. నేనన్నా నోరు తెరిచుంటే ఏం పోయేది? తెరవలేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటా ఉంటాను.

పెద్దమ్మ ఆ ఎండాకాలం దాటలేదు. నిద్రలోనే పోయింది. శవం దగ్గర చిన్నమ్మ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. రాతిగుండె అన్నారు సీరియల్‌కొచ్చే ఆడోళ్ళు. సంవత్సరీకం అయినంక ఒక తెల్లవారుజామున పసుపు కుంకుమ డబ్బాలు నా చేతికిచ్చి, అలిపిరికి పద అనింది. రాణి పాలు తాగేసింది గదా, మొక్కు తీర్చే పనే లేదు గదా అన్నాను. "కొండమీదుండే ఆయప్ప చేసేది ఆయప్ప చెయ్యలా. నేను చేసేదన్నా నేను చేస్తా" అనింది.

మోకాళ్ళ నొప్పుల మనిషి. మొదటి మెట్టు మీద వంగి పసుపు పూసింది, బొట్టు పెట్టింది, పెదాలు కదిపింది. గోవిందా అంటా ఉండాదనుకున్నాను. నాలుగో మెట్టు కాడ దగ్గరికి జరిగి విన్నాను. అక్కా అంటా ఉండాది. మెట్టుకొకసారి, వంగి, ఆ రాతికి చెప్పినట్టు, అక్కా. ఆపలేను, ఊరడించలేను. డబ్బాలు పట్టుకోని వెనకాలే ఎక్కినాను. పైకి చేరేసరికి దీపాలు పెట్టినారు. మెట్లు అయిపోయినాయి చిన్నమ్మా, ఇంక లే అన్నాను. ఆమె వట్టి నేల మీద కూడా వంగి పసుపు పూస్తానే ఉండాది. నలభై ఏండ్ల పిలుపు గదా, ఒక కొండ మెట్లు యాడ సరిపోతాయి.