సున్నపు గోడ మీద సిమెంటు

మొన్న నారాయణగూడలోని ఆ పాత మేడ గోడను చూడమని నన్ను పిలిపించారు, వేలితో తడితే లోపల డొల్ల పలికింది, ఆ చప్పుడు విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నాకు సంతకం తప్ప రాయడం రాదు, నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది.

పెళ్లయిన ఏడాదే పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్ బస్తీలో కిరాయికి దిగాం. మా ఆయన సున్నపు మేస్త్రి. ఆ మేడ వరండా గోడకు పూత మా ఇద్దరిదే. గానుగలో ఆడించిన సున్నంలో బెల్లం, కరక్కాయలు నానిన నీళ్లు పోయాలి, ఆ నీళ్ల వగరు నేను నాలుకతో చూసి సరే అన్నాకే ఆయన కలిపేవాడు. ఆయన పూసిన చోటల్లా నేను గులకరాయితో రుద్దాలి, మొహం కనబడేదాకా వదలనిచ్చేవాడు కాదు. చిక్కడపల్లిలో కొన్న అద్దం ఇంట్లో ఉన్నా, నా మొహం నేను తీరిగ్గా చూసుకున్నది ఆ గోడలోనే.

"సున్నం ఊపిరి పీల్చుకుంటదే, దాని ముక్కు మూయొద్దు," అనేవాడు.

ఆయన పోయిన మరుసటి వానాకాలం గోడ ఒక మూల పెచ్చులూడితే, ఎవరో కాంట్రాక్టరు గోడంతా సిమెంటు పూయించాడు. ఆ కూలికి నేనే పోయాను. తట్ట ఎత్తబోయి గోడ ముందు నిలబడిపోయాను, ఇది నిలవదయ్యా అన్న మాట గొంతుదాకా వచ్చింది.

"ఏందక్కా, గోడకు మొక్కుతున్నవా? జర తట్ట లేపు!" అన్నాడు కొత్త మేస్త్రి. అందరూ నవ్వారు. మాట మింగి తట్ట ఎత్తాను.

సిమెంటు వెనక చెమ్మ పట్టి సున్నం పిండిపిండి అయిందని మొన్న నన్ను పిలిపించిన ఇంజనీరు పిల్ల చెప్పింది. మళ్లీ సున్నమే పూస్తే నిలుస్తుందా, లేక కూలగొట్టాలా అని నన్నే అడిగింది.

"నిలుస్తది బిడ్డా, ఇరవై రోజులు పొద్దుమాపు తడుపుకుంట కూసునే మనిషుంటే," అన్నాను.

"గన్ని దినాలు ఎవరు కూసుంటరు అవ్వా?" అని పక్కనున్న ఓనరు నవ్వేశాడు. వచ్చే వారం కూలగొడతారట.

తలుపు చాటున సిమెంటు అంటని జానెడు చోటు మిగిలింది. ఈ రోజుల్లో గోడ పొద్దున పూస్తే సాయంత్రానికి రంగు వేస్తున్నారు, దాని ముందు కూర్చునే తీరిక ఎవరికుంది? ఆ జానెడు చోటును కొంగుతో తుడిచాను. ముసలి మొహం ఒకటి కనబడింది, ఆనాడు నోరు తెరవని మొహం.