నీలి రంగు కింద పడవ

నిన్న మా వీధిలో రోడ్డు వేయడానికి తారు మరిగించారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే ముప్పై ఏళ్ల కిందటి భయం మళ్లీ మేలుకుంది. వెంటనే మా ఊరి వడ్రంగి, వడ్ల నర్సయ్య గుర్తొచ్చాడు.

మెదక్‌లో ప్రతివాడూ ఏదో ఒక ఏజెన్సీ బోర్డు తగిలిస్తున్న రోజులవి. దేశం వ్యాపారాలకు తలుపులు తెరిచిందన్నారు. ఆ గాలి నాకూ సోకింది. వేలంలో ఒక పాత తెరచాప పడవ కొన్నాను. నిజాం కాలంలో ఎవరో దొర షికారుకు చేయించుకున్నదట. హవేలిఘనపూర్ అవతలి చెరువులో జనాన్ని తిప్పి కుబేరుణ్ని అయిపోవాలని నా పథకం. పగుళ్లు కనబడకుండా నీలి రంగు దట్టించాను. ఆకాశానికి రెండో పూత వేసినా మిగిలేంత రంగు! ఆదివారం మొదటి షికారని సగం జిల్లాను పిలిచాను. ముందుగా ఎక్కేది నా భార్య, ఆరేళ్ల కూతురు. ఆ మాట తలచుకున్నప్పటి నుంచి నిద్ర పట్టలేదు. శుక్రవారం నర్సయ్యను తీసుకొచ్చాను.

ఊళ్లో సగం తలుపులు ఆయన చేసినవే. పడవను చూసి మొహం చిట్లించాడు.

"రంగెందుకేసినవ్ పటేలా? దుప్పటి కప్పి నాడి సూడమంటున్నవ్!"

"అందంగుంటదని, నర్సన్నా."

"అందం నీళ్లల్ల తేలుతదా?"

రెండు రోజులు గీకాడు. రంగు కింద పడవ పుట్టుపూర్వోత్తరాలు బయటపడ్డాయి. టేకు పలకలు, కమ్మరి కొట్టిన నలుపలకల మేకులు అసలువి. గుండ్రటి దుకాణం మేకులు తర్వాతి చేతులవి. తెరచాప కొయ్య నిలబడే గుంటలో ఎవరో మహానుభావుడు సిమెంటు పోశాడు. నర్సయ్య వేలి ముడుకుతో ఒక్కో పలకనూ కొట్టి, చెవి ఆనించి వినేవాడు. నా గుండె చప్పుడుకే అది పగిలిపోతుందేమోనని నేను దూరంగా నిలబడేవాణ్ని.

ఒక మూలకు మాత్రం ఆయన పోలేదు. చివరికి శనివారం పొద్దువాలే వేళకు ఆ మూలకూ వెళ్లాడు. అక్కడ తారు పూసిన అతుకు ఉంది. గీకితే మామిడి పలక. ఉలి బెల్లంలోకి దిగినట్టు దిగింది.

"ఏ దొంగ చేసిండు గీ పని? పేరు చెప్పు, నలుగురి ముందట ఇజ్జత్ తీస్త!" అని ఎగిరాను.

పలక అంచున ఉన్న మూడు ఉలిగాట్లను ఆయన చాలాసేపు తడిమాడు.

"నేనే. గీ గాట్లు నా గుర్తు. శాన ఏండ్ల కింద గీ అతుకేసినప్పుడు టేకు దొర్కలే. చెరువు ఎండింది, ఎవ్వలెక్కుతరు తియ్యి అనుకున్న. తారు పూసి పోయిన. నిన్న సూడంగనే అనుమానమొచ్చింది. రెండు దినాలు గిటు రాబుద్ధి కాలే."

"రేపు అందరికీ ఏం చెప్పాలె? నా పరువు పోతది గద!"

"నీది గాదు, నాది పోతది. నేను జెప్త."

ఆదివారం గట్టు మీద జనం ముందు, కుళ్లిన పలక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"పడవ పోదు. గిది నేనేసిన పలక. పిల్లలెక్కితె ముంచుతది."

"అయితే మా ఇండ్ల తలుపులెప్పుడు కూల్తయే నర్సయ్యా?" అని ఒకడు గేలి చేశాడు. అందరూ నవ్వారు.

"రేపటిసంది అవి గూడ సూస్త," అన్నాడు.

అన్నట్టే ఇంటింటికీ తిరిగి చూశాడు. నా వ్యాపారం నీళ్లు తాకకుండానే మునిగింది.

పడవ ఎక్కనివ్వలేదని ఏడవడం తప్ప మా అమ్మాయికి ఆ ఉదయం ఏమీ గుర్తులేదు. నాకు మాత్రం ఒక అలవాటు మిగిలింది. ఏదైనా చెడిపోతే, 'ఇదెవడు చేసిండు' అని నోరు తెరిచే ముందు ఒక్క నిమిషం ఆగుతాను. ఆ నిమిషం ఇప్పటికీ భయంగానే ఉంటుంది. చాలాసార్లు చేసింది నేనే.