బాపు చేత బీడీ మాన్పించిన అన్న

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన ఫిట్టరన్న తాను బీడీ మానేశాక, తాగేవాళ్ల పక్కన కూర్చుని బీడీకట్ట తనకిచ్చెయ్యమని నవ్వుతూ అరచెయ్యి చాపేవాడు. నేను పదేళ్లు బతిమాలినా, పోట్లాడినా వినని మా బాపు దగ్గరికీ ఒక సాయంత్రం వచ్చాడు.

"ఈ ఒక్క పూటకు కట్ట నాకియ్యి బాపూ. రేపటి సంగతి రేపు సూద్దాం," అన్నాడు.

బాపు బీడీకట్ట ఇచ్చేశాడు. అన్న రోజూ వచ్చి అదే మాట అన్నాడు. వానాకాలం వచ్చేసరికి బాపు దగ్గు తగ్గింది. నేను సంతోషించాలి. కానీ పొద్దుగూకితే బాపు ఆయన కోసం వాకిట్లోకి చూస్తుంటే నాకు కడుపు మండేది.

"గదే మాట నేను జెప్తే ఎందుకినలేవు బాపూ?" అని ఒకనాడు అడిగేశాను.

"నువ్వు తాగినోనివి గాదు బిడ్డా. ఇడిసినంక పానం ఎంత గుంజుతదో ఆయనకెర్క."

ఎన్నడూ బీడీ ముట్టనందుకు ఆ రోజు మొదటిసారి బాధపడ్డాను.