ఫిడేలెక్కిన గుర్రం

ఆత్మకూరులో మా ఇల్లు బస్సు డిపో వెనక ఉండేది. నాయన ఆ డిపోలోనే మెకానిక్కు. ఆయనకు కమాను అంటే బస్సు బరువు మోసే ఇనప పట్టీల కట్ట. నాకేమో ఫిడేలు వాయించే పుల్ల. కమాను ఎత్తలేక చెయ్యి లాగుతోందని నేను అన్న రోజు, అంత బరువు బిడ్డ చేత ఎందుకు మోయిస్తున్నారోనని ఆయన నిజంగానే దిగులుపడ్డాడు.

నాకు ఫిడేలు నేర్పిన టీచరమ్మ తాలూకా ఆఫీసు గుమాస్తాగారి భార్య. మూడేళ్ళు నేర్చుకున్నా, నేను వర్ణం మొదలుపెడితే వినేవాళ్ళ ముఖాల్లోనే వర్ణాలు మారేవి. అది నేను చివరిదాకా వాయించిందే లేదు. సాయంత్రపు ఎండ వరండాలోకి వాలి, డిపోలో ఏదో ఇంజను సన్నగా మూలుగుతుంటే, తీగ మీద చెయ్యి ఉండగానే నేను ఎటో వెళ్ళిపోయేదాన్ని. తిరిగొచ్చేసరికి తాళం తప్పి ఉండేది.

"తాళం వెయ్యకుండా ఎక్కడికమ్మా వెళ్ళిపోతావు?" అనేది టీచరమ్మ.

అంతలో గుమాస్తాగారికి బదిలీ అయింది. సోమవారం పొద్దున సామాను లారీ. వెళ్ళేలోపు ఒక్కసారి వర్ణం ఆగకుండా వినిపించమంది ఆమె. ఇంకేమీ అడగలేదు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. మంగళవారం శ్రుతి చేద్దామని నేనే బిరడా తిప్పాను. తీగ తెగలేదు. తీగల్ని మోసే చిన్న చెక్క విరిగి రెండయింది. దాన్ని గుర్రం అంటారు. నెల్లూరు కొట్లో అడిగిస్తే మద్రాసు నుంచి రావాలన్నారు.

ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, దువ్వెనలు చేసేవాళ్ళుండగా మద్రాసెందుకనుకున్నాడు నాయన. పాప ఫిడేలుకి ఒక గుర్రం కావాలని ఉదయగిరి బస్సు డ్రైవరుతో తనకు తెలిసిన సాయిబుకి కబురంపాడు. దారిలో ఎక్కడో కబురులోంచి ఫిడేలు దిగిపోయింది. పాప, గుర్రం మాత్రం ఊరు చేరాయి.

శనివారం బస్సులో కాగితం పొట్లం వచ్చింది. విప్పితే గుర్రం! జూలు, చెవులు, గాల్లోకి లేచిన ముందు కాలు. అది ఎంత బాగుందంటే, నాకు సరిగ్గా ఏడుపు కూడా రాలేదు.

ఆదివారం తొలి బస్సుకే నాయన నన్నూ ఫిడేలునూ ఉదయగిరి తీసుకెళ్ళాడు. నిద్రమత్తులో కిటికీలోంచి చూస్తే, కోట ఉన్న కొండ మబ్బులో మోకాళ్ళు ముడుచుకుని పడుకున్న పెద్ద గుర్రంలా కనిపించింది.

సాయిబు ముసలాయన. ఇంటి అరుగు మీద ఉలితో గరిటె తొలుస్తున్నాడు.

"ఏంది అమ్మణ్ణీ, గుర్రం పరిగెత్తతా ఉండాదా?" అన్నాడు.

నాయన విరిగిన ముక్కలు ఆయన చేతిలో పెట్టి సంగతి చెప్పాడు. ఆయన వాటిని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"తోక లేదు, చెవుల్లేవు. దీన్ని గుర్రమంటే ఎట్టా తెలిసేది నాయనా?"

లోపలికి తిరిగి ఆ మాటే ఉర్దూలో చెప్పాడు. పరదా వెనక ఆయన భార్య నవ్వు చాలాసేపు ఆగలేదు.

దువ్వెనల కోసం ఉంచిన పలచటి చెక్కలోంచి ఆయన రెండు కాళ్ళ గుర్రాన్ని కోశాడు. అరగదీశాడు, ఊదాడు, తీగలకు నాలుగు గాట్లు పెట్టాడు. చెక్కపొడి వాసనలో కూర్చుని నేను మళ్ళీ ఎటో వెళ్ళిపోయాను. మధ్యాహ్నానికి ఫిడేలు మీద అది నిలబడింది.

ఆ సాయంత్రం టీచరమ్మ ఇంట్లో మూటలు తప్ప ఏమీ లేవు. కమాను తగలగానే ఖాళీ గది ముందు పలికింది. కొత్త గుర్రం గొంతు కొంచెం మందం. ఎవరో కొండకు అవతల వాయిస్తున్నట్టు వినిపించింది. నేను అలవాటు కొద్దీ వెళ్ళిపోయాను. మబ్బులో కొండ లేచి నిలబడింది, జూలు విదిలించింది, నేను దాని వీపు మీద ఉన్నాను. తిరిగొచ్చేసరికి వర్ణం అయిపోయింది. టీచరమ్మ చెయ్యి ఇంకా ఒడిలో తాళం వేస్తూనే ఉంది.

"ఈసారి తాళం వేసుకునే వెళ్ళావు" అంది.

ఫిడేలు పెట్టెలోంచి నాలుగు కాళ్ళ గుర్రాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాను.

మర్నాడు లారీ కదిలినప్పుడు అది ఆమె ఒళ్ళో ఉంది. మలుపు దగ్గర బండి ఒక పక్కకు ఒరిగి కిర్రుమంది. నాయన చెవి ఒగ్గి విన్నాడు.

"కమాను శ్రుతి తప్పుండాది" అన్నాడు.